బావురుపిల్లి వంతెన

రెల్లులంకకు వంతెన మంజూరైన రోజున రేవు దగ్గర టపాకాయలు కాల్చిన పెళ్లికాని కుర్రాళ్లు, ఇప్పుడు తమ పిల్లల్ని బడికి పంపడానికి అదే రేవులో పడవ ఎక్కిస్తున్నారు. ఇన్నేళ్లలో పని జరగలేదని ఎవరూ అనలేరు. ఏటిపాయలో పదకొండు స్తంభాలు లేచాయి. వాటి మీద శ్లాబు పరిస్తే వంతెన అవుతుంది. పరవకపోతే పదకొండు స్తంభాలుగా ఉంటాయి.

నలుగురు ఇంజనీర్లు మారాక అయిదోవారిగా పేర్రాజుగారు వచ్చారు. ముప్పై మూడేళ్ల సర్వీసులో ఆయన ఏడు వంతెనల మీద పనిచేశారు. ఒక్కటీ పూర్తయ్యేదాకా అక్కడ ఉండలేదు. కొన్నింటికి పునాది తీశారు, కొన్నింటికి స్తంభాలు లేపారు, ఒకదానికి రంగు తప్ప అన్నీ చేయించారు. రంగు వేసే వారంలో బదిలీ అయింది. ఇప్పుడు రిటైర్మెంటుకు ఇంకా రెండేళ్లుంది. ఈ ఒక్క వంతెన మీదైనా ఈ గట్టు నుంచి ఆ గట్టుకు నడిచి వెళ్లి ఇంటికి పోవాలని ఆయన కోరిక. ఈ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఎక్కడ బదిలీ చేస్తారోనని భయం.

ఆ ఏడు డిసెంబరులో అరుదైన ప్రాణుల రక్షణ మండలి వారు ముగ్గురు వేరే పని మీద ఆ వైపు వచ్చి, ధర్మయ్య పడవలో ఏరు దాటారు. వారిలో పెద్దాయన డాక్టర్ సుధన్వ. ఆయన బావురుపిల్లి మీద ఇరవై రెండేళ్లు పరిశోధన చేశారు. ఆరువందల పేజీల సిద్ధాంతవ్యాసం రాశారు. అడవిలో, మడల్లో, చిత్తడినేలల్లో ఎన్ని వందల రోజులు కూర్చున్నా బావురుపిల్లి మాత్రం ఆయన కంట పడలేదు. ఏరు దాటుతూ, రెండు గట్లమీదా ఒత్తుగా ఉన్న రెల్లునూ మడచెట్లనూ చూసి, ఆయన ధర్మయ్యను అడిగారు.

"ఏమయ్యా, ఇక్కడ బావురుపిల్లి సంచరిస్తుందా?"

ధర్మయ్య మర్యాదస్తుడు. అంత దూరం నుంచి వచ్చిన మనిషిని నిరాశపరచడం అతనికి ఇష్టం లేదు.

"ఎందుకు సంచరించదండీ! మా బుట్టల్లో చేపలన్నీ అదేనండి తినేసేది."

"నువ్వు స్వయంగా చూశావా?"

"ఆయ్. ఇంత ఉంటాదండి," అని తెడ్డు వదిలేసి రెండు చేతులూ బారచాపాడు. పడవ గిర్రున తిరిగింది. డాక్టర్ సుధన్వగారు ఆ తిరుగుడులోనే జేబులోంచి పుస్తకం తీసి, 'ప్రత్యక్ష సాక్షి, నమ్మదగిన వ్యక్తి' అని రాసుకున్నారు.

వారం తిరక్కుండా పేర్రాజుగారికి ఉత్తర్వు అందింది. అందులో ఇలా ఉంది: "సదరు స్థలమునందు ప్రాణి ఉనికి నిర్ధారణ అగువరకు, లేక ప్రాణి లేమి నిర్ధారణ అగువరకు, ఏది ఆలస్యమైన అంతవరకు, పనులు నిలిపివేయవలెను."

పేర్రాజుగారు దాన్ని మూడుసార్లు చదివి, బస్సెక్కి మండలి కార్యాలయానికి వెళ్లారు. డాక్టర్ సుధన్వగారు ఆయన్ని ఎంతో ఆదరంగా కూర్చోబెట్టి, బావురుపిల్లి బొమ్మ ఉన్న కప్పులో టీ ఇప్పించారు.

"కెమెరాలు పెడుతున్నాం పేర్రాజుగారూ. తొంభై రోజులు. శాస్త్రీయంగా తేల్చేద్దాం."

"పిల్లి కనపడితే ఏమవుతుందండీ?"

"కనపడితే అది ప్రాణి ఆవాసమని రుజువైనట్లు. ఆవాసంలో నిర్మాణాలకు అనుమతి లేదు."

"కనపడకపోతేనో?"

డాక్టర్ గారి ముఖం విషాదంగా మారింది. "కనపడలేదంటే మీ పనుల వల్ల బెదిరి వెళ్లిపోయిందన్నమాట. అది తిరిగి వచ్చేదాకా పనులు ఆపాల్సి ఉంటుంది."

"తిరిగి వస్తే?"

"అది మనందరికీ శుభవార్త. ఆవాసమని రుజువవుతుంది."

పేర్రాజుగారు టీ కప్పు కింద పెట్టారు. ఆయనకు కోపం తెచ్చుకోవడం చేతకాదు. "అంటే, అయ్యా, పని జరగాలంటే ఆ పిల్లి ఏం చెయ్యాలంటారు?" అని మాత్రం అడిగారు.

ఆ ప్రశ్న డాక్టర్ గారికి చాలా నచ్చింది. ఒక ఇంజనీరు పిల్లి వైపు నుంచి ఆలోచించడం ఆయన సర్వీసులో అదే మొదలు.

కెమెరాలు తొంభై రోజుల్లో పద్నాలుగు వేల ఫోటోలు తీశాయి. కుక్కలు, గేదెలు, కొంగలు, ఒక ఉడుము పడ్డాయి. అద్దం అనుకుని కెమెరా ముందు రోజూ తల దువ్వుకున్న ధర్మయ్య నూట పన్నెండు ఫోటోల్లో ఉన్నాడు. బావురుపిల్లి లేదు. మండలి నివేదికలో "ప్రాణి అత్యంత సిగ్గరి అని తేలినది" అని రాశారు.

అయినా డాక్టర్ సుధన్వగారు మంచివారే. ఊరివాళ్లు పడవలో పడుతున్న బాధ చూసి, షరతులతో పనికి అనుమతి ఇప్పించారు. పిల్లి తెల్లవారుజామునా సాయంత్రమూ వేటాడుతుంది కనుక ఆ వేళల్లో మనుషులు తిరగరాదు. పగలు నిద్రపోతుంది కనుక అప్పుడు చప్పుడు చేయరాదు. రాత్రి పని ఎలాగూ నిషేధం. ఇవన్నీ పోగా, నిద్ర లేచి ఒళ్లు విరుచుకునే సమయం అని మధ్యాహ్నం నాలుగు నుంచి నాలుగూ నలభై దాకా పని చేసుకోవచ్చని తేల్చారు. ఆ నలభై నిమిషాల్లోనూ చప్పుడు మనుషులు మాట్లాడుకునే దానికి మించకూడదు.

కాంక్రీటు మర ఆగిపోయింది. చేత్తో కలపడం మొదలైంది. సుత్తులకు గోనెసంచులు చుట్టారు. కూలీలు చెప్పులు విప్పి పని చేశారు. మేస్త్రీ ముప్పై ఏళ్లుగా అరిచి పని చేయించిన మనిషి. ఇప్పుడు ఒక్కొక్కరి దగ్గరకూ నడిచి వెళ్లి చెవిలో తిట్టాల్సి వచ్చింది. తిట్లలో పస పోయిందని రెండు నెలలకే ఉద్యోగం మానేశాడు. చప్పుడు కొలవడానికి మండలి ఒక శబ్ద పర్యవేక్షకుణ్ణి నియమించింది. నియమించిన మూడో రోజున ఆయన గట్టిగా తుమ్మారు. మీటరు ముల్లు ఎర్రగీత దాటింది. నిజాయితీపరుడు కనుక తన మీద తానే నోటీసు రాసుకుని, తానే అందుకుని, తానే సంజాయిషీ ఇచ్చుకున్నారు. విచారణ ముగిసేదాకా పని ఆగింది.

నాలుగు నెలల్లో శ్లాబు ఆరడుగులు ముందుకు సాగింది. నలభై రెండు కోట్ల వంతెన అరవై ఏడు కోట్లయింది. పెరిగినదంతా గోనెసంచులకూ నిశ్శబ్దానికీ అయిన ఖర్చు.

ఆగస్టులో ఏటికి ఎర్రనీళ్లు వచ్చాయి. ఒకరోజు ఉదయం లంకలో గంగాభవాని అనే పిల్లకు నొప్పులు మొదలైతే, నర్సమ్మ సువార్తమ్మ ఆమెను పడవ ఎక్కించింది. సువార్తమ్మ పద్దెనిమిదేళ్లుగా ఆ లంకలో నర్సు. టీకాల పెట్టె భుజాన వేసుకుని రోజుకు రెండుసార్లు ఏరు దాటేది. వరదలో ధర్మయ్య పడవ ఏటి మధ్యకు వచ్చేసరికి వడి లాగేసింది. తెడ్డు ఆనలేదు. అదృష్టం కొద్దీ పడవ అయిదో నంబరు స్తంభానికి తగిలింది. స్తంభంలోంచి బయటికి పొడుచుకొచ్చిన ఇనుప చువ్వకు ధర్మయ్య తాడు బిగించాడు. పడవ ఊగుతూ నిలబడింది. గట్టు మీద గొడుగు పట్టుకుని నిలబడ్డ పేర్రాజుగారికి అంతా కనపడుతోంది. గంగాభవాని కేకలు వినపడుతున్నాయి. ఆయన చేయగలిగిందేమీ లేదు. ముప్పావు గంటకు నీళ్ల హోరులో చిన్న ఏడుపు వినపడింది. ఆయన గొడుగు పక్కన పెట్టి గట్టు మీద కూర్చున్నారు.

మధ్యాహ్నానికి వడి తగ్గి పడవ గట్టు చేరాక, సువార్తమ్మ తడిసిన చీరతోనే రేకుల షెడ్డులో ఉన్న ఆయన ఆఫీసుకు వచ్చింది.

"మీ అయిదో స్తంభానికి పడవ కట్టేసి కాన్పు చేశానండి. ఆడపిల్ల. స్తంభం కట్టినందుకు వాళ్లత్తగారు మిమ్మల్ని దీవిస్తంది. నాకు మట్టుకు ఒళ్లు మండిపోతందండి పేర్రాజుగారూ."

"కూర్చో అమ్మా. టీ తాగు."

"ఈ పిల్లి గోల ఎప్పటికి తెములుతుందండీ?"

"తెమలదమ్మా. కనపడితే కట్టకూడదు. కనపడకపోతే కట్టకూడదు."

సువార్తమ్మ టీ తాగుతూ, బల్ల మీదున్న మండలి నిబంధనల పుస్తకం తీసి తిరగేసింది. టీకాల పెట్టె మీద కాగితాలు కూడా పూర్తిగా చదివే అలవాటు ఆమెది. ఆరో అధ్యాయం దగ్గర ఆగింది.

"ఇదేంటండీ? 'అరుదైన ప్రాణి తన ఆవాసములోని ఒక భాగమునుండి మరొక భాగమునకు పోవుటకు ఏరు గాని రోడ్డు గాని అడ్డువచ్చినచో, యుద్ధప్రాతిపదికన అనుసంధాన వంతెన నిర్మించవలెను. ఇట్టి నిర్మాణమునకు శబ్ద, సమయ నిబంధనలు వర్తించవు.' ఇది చదివారా మీరు?"

"అది జంతువుల కోసమమ్మా."

"అవునండి. ఆ గట్టునా రెల్లుంది. ఈ గట్టునా రెల్లుంది. మధ్యలో ఏరుంది. పాపం పిల్లి ఎలా ఎల్తాది?" అని కప్పు కింద పెట్టింది. "దానికే కట్టెయ్యండి సార్. ముందు అదెల్తాది. దానెనకాల మేం ఎల్తాం."

పేర్రాజుగారు మర్యాదకు నవ్వారు. ఆమె వెళ్లిపోయాక నవ్వు ఆగింది. బీరువాలోంచి డ్రాయింగులు తీసి బల్ల మీద పరిచారు. పైన పెద్ద అక్షరాలతో 'రెల్లులంక ప్రజా వంతెన' అని ఉంది. రబ్బరు తీసుకుని 'ప్రజా' అన్న మాట చెరిపారు. ఆ ఖాళీలో 'బావురుపిల్లి' అని రాశారు. మిగతా కొలతలు ఒక్కటీ ముట్టుకోలేదు.

డ్రాయింగులు మండలికి పంపిన నాలుగో రోజే సాంకేతిక సంఘం సమావేశమైంది. డాక్టర్ సుధన్వగారు అధ్యక్షులు. ఆయన కళ్లు మెరుస్తున్నాయి. దేశంలో బావురుపిల్లికి ఇంతవరకు ఎవరూ వంతెన కట్టలేదు. ఆర్థిక సభ్యుడు మాత్రం డ్రాయింగు మీదకు వంగి కళ్లజోడు సవరించుకున్నారు.

"వెడల్పు ఎనిమిదిన్నర మీటర్లు ఎందుకండీ, పిల్లికి?"

పేర్రాజుగారు సర్వీసులో ఎన్నడూ అబద్ధం ఆడి ఎరగరు. నుదుటి చెమట తుడుచుకున్నారు. "అంటే... రెండు పిల్లులు ఎదురుపడితే..."

"ఎదురుపడితే ప్రమాదం!" అని డాక్టర్ సుధన్వగారు అందుకున్నారు. "బావురుపిల్లి ఏకాంతప్రియ. రెండు ప్రాణుల మధ్య గౌరవప్రదమైన దూరం పాటించి తీరాలి. నా సిద్ధాంతవ్యాసం రెండువందల పన్నెండో పేజీ చూడండి."

"సరే. ఇరువైపులా కాలిబాటలు ఎందుకు?"

"కూనలకండి," అన్నారు పేర్రాజుగారు. ఈసారి కొంచెం సులువుగా వచ్చింది.

"డెబ్బై టన్నుల బరువు మొయ్యాలని రాశారు. పిల్లి పన్నెండు కిలోలు." ఆర్థిక సభ్యుడు కాలిక్యులేటరు నొక్కారు. "అంటే వంతెన మీద ఒకేసారి అయిదువేల ఎనిమిదివందల పైచిలుకు పిల్లులా?"

పేర్రాజుగారు గొంతు సవరించుకున్నారు. "సంతతి వృద్ధి చెందుతుందన్న ఆశాభావంతో వేశామండి."

సభ్యులంతా బల్లలు చరిచారు. డాక్టర్ సుధన్వగారు ఆర్థిక సభ్యుడి వైపు బాధగా చూసి, "మీరు జాతి అంతరించిపోతుందన్న లెక్కలో ఉన్నారా?" అని అడిగారు. ఆయన కాలిక్యులేటరు జేబులో పెట్టేసుకున్నారు. కానీ ఉండబట్టలేక ఆఖరి మాట ఒకటి అడిగారు.

"అసలు ఆ పిల్లి ఈదుతుంది కదండీ. చేపలు పట్టుకు తినే జంతువాయె."

"మీకు నడక వచ్చు కదా. ఆఫీసుకు జీపు ఎందుకు?" అన్నారు డాక్టర్ సుధన్వ.

తొమ్మిదో రోజున అనుమతి వచ్చింది. అక్టోబరులో వరద తీయగానే పని మొదలైంది. కాంక్రీటు మరలు మళ్లీ హోరెత్తాయి. మేస్త్రీ తిరిగొచ్చి మొదటి రోజు పూర్తిగా అరవడానికే కేటాయించాడు. శబ్ద పర్యవేక్షకుడు మీటరు పట్టుకుని అక్కడే ఉన్నారు. ఇప్పుడు చప్పుడు తగ్గితే నోటీసు ఇస్తున్నారు. ప్రాణికి అత్యవసరమైన పని మందగించిందనడానికి నిశ్శబ్దమే నిదర్శనమని ఆయనకు కొత్త సర్క్యులరు వచ్చింది.

మార్చి ఆఖరుకు శ్లాబు అవతలి గట్టును తాకింది. ఎవరూ లేని వేళ చూసుకుని పేర్రాజుగారు ఇవతల నుంచి అవతలికి నడిచారు. మధ్యలో ఒకసారి ఆగి రెయిలింగు మీద చెయ్యి వేశారు. ఎండకు కాలిపోతోంది. అయినా చాలాసేపు చెయ్యి తియ్యలేదు.

ఏప్రిల్లో ప్రారంభోత్సవం ఘనంగా జరిగింది. బావురుపిల్లి తరఫున డాక్టర్ సుధన్వగారు రిబ్బను కత్తిరించారు. రెండు కొసలా గేట్లు పెట్టి బోర్డులు కట్టారు: "ఈ వంతెన బావురుపిల్లుల సౌకర్యార్థము. మనుషులకు, పశువులకు, వాహనములకు ప్రవేశము నిషేధము."

మరుసటి రోజు ఉదయం, ఖాళీ వంతెన కింద నుంచి బడిపిల్లలతో ధర్మయ్య పడవ వెళ్లింది. పిల్లలందరూ తలలెత్తి పైకి చూస్తూ వెళ్లారు. వారం రోజులు అలాగే సాగింది. ఊరివాళ్లు పేర్రాజుగారిని ఏమీ అనలేదు. ఆయన ఎదురైతే నీళ్ల వైపు చూసేవారు. అది ఆయనకు తిట్లకన్నా కష్టంగా ఉండేది.

ఎనిమిదో రోజున సువార్తమ్మ నిబంధనల పుస్తకం చంకన పెట్టుకుని వచ్చింది.

"తొమ్మిదో అధ్యాయం చూడండి సార్. 'ప్రాణి సంఖ్యను లెక్కించుటకు ఆసక్తి గల ఏ పౌరుడైనను గణకుడుగా నమోదు చేసుకొనవచ్చును. గణకులకు ఎల్లవేళలా ప్రవేశము కలదు. గణకుడు తనకు అనువైన వాహనమును వాడుకొనవచ్చును.'"

"ఎంతమంది చేరచ్చట?"

"అది రాయలేదండి. మా లంకలో అందరికీ ఆసక్తే."

నెల తిరిగేసరికి రెల్లులంకలో పదకొండువందల నలభై ఆరుగురు గణకులయ్యారు. చూపు ఆనని ఎనభై నాలుగేళ్ల మంగాయమ్మ కూడా చేరింది. దరఖాస్తు మీద మండలి వారు "ఉత్సాహమే అర్హత" అని ఆమోదముద్ర వేశారు. ధర్మయ్య పడవ గట్టుకు లాగి, నెలజీతం మీద గేటు కాపలాదారు అయ్యాడు. గేటు దగ్గర ఒక పుస్తకం. అందులో నాలుగు గడులు: పేరు, సమయం, చూసిన పిల్లుల సంఖ్య, రిమార్కులు.

పిల్లలు ఉదయం ఎనిమిదిన్నరకు సంచులు తగిలించుకుని గణనకు వెళ్లి, సాయంత్రం నాలుగున్నరకు గణన ముగించుకుని వచ్చేవారు. పాలవాడు రెండు పూటలా లెక్కించేవాడు. కొబ్బరికాయల లారీ వాళ్లు 'భారీ గణన' అని రాసేవారు. రోజుకు ఆరుసార్లు నలభై మంది గణకులతో బస్సు వచ్చిపోయేది. పండగల్లో పైన కూడా కూర్చుని లెక్కించేవారు. ఒక పెళ్లి ఊరేగింపు బ్యాండు మేళంతో దాటినప్పుడు పెళ్లికొడుకే దిగి రాశాడు: 'సంఖ్య: లేవు. రిమార్కులు: బహుశా మా వల్ల.'

ఆరు నెలల్లో మూడు లక్షల పరిశీలనలు నమోదయ్యాయి. అన్నిటా సున్నాయే. దేశం మొత్తం మీద ఇంత పట్టుదలగా లేనిదాన్ని లెక్కపెట్టిన ప్రజలు లేరని మండలి పై కార్యాలయం వారు మెచ్చుకుని డాక్టర్ సుధన్వగారికి శాలువా కప్పారు. ఆయన శాలువా కప్పుకున్నారు గాని ముఖంలో సంతోషం లేదు. మూడు లక్షల సున్నాలు ఆయన ఒక్కొక్కటీ చదివారు.

పదకొండో అధ్యాయం గురించి సువార్తమ్మ ఊళ్లో ముందే చెప్పి ఉంచింది. వంతెన మీద ఒక్క బావురుపిల్లి కనపడినట్లు నమోదైతే చాలు, అది ప్రధాన ఆవాసం అవుతుంది. ప్రాణికి ప్రశాంతత కోసం అయిదేళ్లపాటు గణకులకు కూడా ప్రవేశం ఉండదు. అప్పటినుంచి ధర్మయ్య రోజూ పొద్దున్నే గేటు తీసేముందు రెల్లు వైపు తిరిగి, "తల్లీ, ఇటేపు రాకమ్మా, నీకు పుణ్యముంటాది" అని దణ్ణం పెట్టేవాడు.

నవంబరులో, పేర్రాజుగారి సర్వీసు ఆఖరి వారంలో, డాక్టర్ సుధన్వగారు తనిఖీకి వచ్చారు. ఉదయం ఎనిమిదీ నలభై. ఏటి మీద మంచు ఇంకా విడలేదు. వంతెన మధ్యన ఇద్దరూ రెయిలింగు పక్కన నిలబడి ఉండగా ఒకవైపు నుంచి బస్సూ, దాని వెనక ధాన్యం ట్రాక్టరూ, ఇంకోవైపు నుంచి సువార్తమ్మ ఎక్కిన ఆటో వచ్చాయి. ఆటోలోంచి సువార్తమ్మ ఒక్కసారిగా అరిచింది.

"ఆపండి! బండ్లన్నీ ఆపండి!"

లంక వైపు రెల్లులోంచి అది బయటికి వచ్చింది. పొట్టి కాళ్లు, బూడిదరంగు ఒంటి మీద నల్లచుక్కలు, గుండ్రటి తల. ఊరిపిల్లికి రెండింతలుంది. నోట్లో ఏదో వేలాడుతోంది. మెడ దగ్గర పట్టుకున్న కూన.

"బాలింతండి," అంది సువార్తమ్మ గొంతు తగ్గించి. "ఇంజన్లు ఆపెయ్యండి. ఎవరూ దిగద్దు."

డ్రైవరు బస్సు ఇంజను ఆపేశాడు. ట్రాక్టరు ఆగింది. ఆటో ఆగింది. బస్సులో బడిపిల్లలు కిటికీలకు ముఖాలు ఆనించి ఊపిరి బిగబట్టారు. ఎవరి మీదా మీటరు పెట్టలేదు. అయినా నీళ్లు స్తంభాలకు తగిలే చప్పుడు తప్ప ఇంకేమీ వినపడలేదు. తల్లి ఒకసారి ఆగి, అంతమందినీ చూసి, బస్సు పక్కగా నడిచి వెళ్లి అవతలి మడచెట్లలోకి దిగిపోయింది.

డ్రైవరు తాళం మీద చెయ్యి వేశాడు. సువార్తమ్మ వేలు అడ్డంగా ఊపింది.

"ఉండండి. కూన ఒక్కటే ఉండదు. మళ్లీ వస్తాది."

వచ్చింది. ఖాళీ నోటితో వెనక్కి వెళ్లి రెండోదాన్ని తెచ్చుకుంది. మళ్లీ వెళ్లి మూడోదాన్ని తెచ్చుకుంది. గంటకు పైన పట్టింది. బడికి మొదటి గంట కొట్టే వేళ దాటిపోయింది. ధాన్యం వాళ్లకు మిల్లు దగ్గర వరస తప్పిపోయింది. ఎవరూ గొణగలేదు. డాక్టర్ సుధన్వగారి మెడలో కెమెరా వేలాడుతూనే ఉంది; ఆయన దాన్ని ముట్టుకోలేదు. మోకాళ్ల మీద కూర్చుని, రెయిలింగు ఊచ పట్టుకుని, కళ్లజోడు తడిసిపోతే తుడుచుకోకుండా అలాగే చూస్తున్నారు.

మూడో కూన కూడా వెళ్లిపోయాక ధర్మయ్య గణన పుస్తకం తెచ్చాడు. అది అతని డ్యూటీ. తనిఖీ అధికారి కూడా సంతకం పెట్టాలని నిబంధన.

బస్సు వాళ్లందరూ ఆ పుస్తకం వైపే చూస్తున్నారు. పేర్రాజుగారు దగ్గరికి వెళ్లారు. తన వంతెన మూతపడితే పడనీ, ఈ మనిషికి ఆ మాట చెప్పకుండా ఉండలేకపోయారు.

"రాయండి సార్. ఇరవై రెండేళ్లు ఎదురుచూశారు. మీ పేరు నిలిచిపోతుంది."

డాక్టర్ సుధన్వగారు కలం తీసి కాసేపు కాగితం మీద ఆనించి ఉంచారు.

"సువార్తమ్మగారూ, మళ్లీ ఎప్పుడైనా ఇలా వస్తే..."

"ఇలాగే ఆపేస్తామండి. ఇందులో రాయడానికేముంది?"

ఆయన తల ఊపి, రాసి, సంతకం పెట్టి పుస్తకం ధర్మయ్యకు ఇచ్చేశారు. ధర్మయ్యకు చదువు రాదు. భయంభయంగా పేర్రాజుగారికి చూపించాడు. పేర్రాజుగారు చదివి, బస్సును పొమ్మని చెయ్యి ఊపారు.

చూసిన పిల్లుల సంఖ్య అన్న గడిలో 'సున్న' అని ఉంది. రిమార్కుల గడిలో, 'తల్లీబిడ్డలు క్షేమం' అని ఉంది.

మూడు వారాలకు పై కార్యాలయం నుంచి మెమో వచ్చింది. "చూసిన పిల్లుల సంఖ్య సున్న అయినప్పుడు వానిలో తల్లి ఎవరు, బిడ్డలు ఎవరు అన్న విషయము వెంటనే వివరించవలెను" అని అడిగారు. డాక్టర్ సుధన్వగారు ఆ రోజే జవాబు పంపారు: "విషయము లోతైన పరిశోధనలో ఉన్నది. పూర్తి అగుటకు కనీసము పాతికేళ్లు పట్టును. అంతవరకు గణన యథాతథముగా కొనసాగవలెను."